కళింగపట్నంలో కాపురం

2021 జనవరిలో జరిగిన టీచర్ల బదిలీల్లో నాకు కళింగపట్నం వైపు ఒక హైస్కూలు వచ్చింది. మాది రాజాం దగ్గర పల్లె. చుట్టూ వరిచేలు, ఊరికో చెరువు. అంతవరకూ సముద్రమంటే నాకు కార్తీకమాసంలో పులిహోర కట్టుకుని వచ్చి, పొద్దువాలాక బస్సెక్కి వెళ్ళిపోయే చోటే. ఈ వైపు పనిచేసే ఉద్యోగులు చాలామంది శ్రీకాకుళంలో కాపురం పెట్టి రోజూ వచ్చి వెళ్తారు. మేం ఊళ్ళోనే ఇల్లు తీసుకున్నాం. మా ఆయన ఉద్యోగం శ్రీకాకుళంలో, నాది ఇక్కడ. ఇద్దరిలో ఒకరు తిరగక తప్పదు. బాబు చిన్నవాడు కాబట్టి తిరిగేది ఆయనే అని తేల్చుకున్నాం.

"సముద్రం ఒడ్డున ఇల్లా, అదృష్టవంతులు" అని చుట్టాలు ఇప్పటికీ అంటారు. ఆ మాటలో నిజం ఉంది. మే నెలలో రాజాం వాళ్ళు రాత్రి పదింటికి కూడా గోడలు సెగలు కక్కుతున్నాయంటుంటే, ఇక్కడ మధ్యాహ్నం దాటేసరికి సముద్రపు గాలి వీధిలోకి తిరుగుతుంది. మెట్ల మీద కూర్చుంటే చాలు, ప్రాణం లేచొస్తుంది. కానీ ఈ ఊరు ఎలా బతుకుతోందో నాకు అర్థమైంది బడి హాజరుపట్టీ చూశాకే. అసలు నేను చెప్పదలచుకున్నది ఆ సంగతి. ముందు ఇంటి విషయం చెప్పి అక్కడికి వస్తాను, ఎందుకంటే ఇక్కడికి కొత్తగా వచ్చే ఎవరినైనా మొదట పట్టుకునేది ఇల్లే.

ఇల్లు చూపించిన మామ్మగారు అద్దె సంగతి చివరికి గాని ఎత్తలేదు. ముందు తూర్పు కిటికీలు చూపించింది. "రేత్రి ఇయి ముయ్యమ్మా. గాలి బాగుందని తెరిసి పడుకుంటే ఉప్పంతా లోనికొచ్చేత్తాది" అంది. తరవాత పైకి చూడమంది. వంటగది శ్లాబులో అరచేయంత పెచ్చు ఊడిపోయి, లోపల ఇనుప ఊచ ఎర్రగా కనిపిస్తోంది. ఆ ఊరి డాబాల్లో సగానికి పైగా అలాగే ఉంటాయని తరవాత చూశాను. నేను చెప్పేది భౌతికశాస్త్రం కాబట్టి ఇది నాకు పాఠంలానే తోచింది. గాలిలో వచ్చే ఉప్పు ఏళ్ళ తరబడి కాంక్రీటులోకి ఇంకి ఊచను చేరుతుంది. ఊచ తుప్పు పడుతుంది. తుప్పుకి అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి. ఆ ఉబ్బుకి కాంక్రీటు పగిలి పెచ్చులై రాలుతుంది. అందుకే ఇక్కడ తెలిసిన మేస్త్రీ ఊచ మీద కాంక్రీటు మందంగా వదులుతాడు, సముద్రపు ఇసుక దగ్గరికి రానివ్వడు, తడపడంలో బద్ధకించడు. ఇల్లు అద్దెకు చూసుకునేవాళ్ళు గోడల రంగులు చూడకండి, శ్లాబు అడుగు చూడండి.

ఫ్యాను రెక్కల అంచులు, స్టవ్ బర్నర్లు, గేటు బందులు, సైకిలు గొలుసు, తలుపు గడియ, అన్నింటినీ ఉప్పు తింటుంది. కొన్న ఏడాదికే మా ఫ్యాను బోల్టులు ఎర్రబడ్డాయి. ఇప్పుడు నెలకోసారి తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరదుడిచి, కాస్త కొబ్బరినూనె రాస్తాను. ఇది కూడా మామ్మ చెప్పిందే. తుప్పు పట్టడానికి గాలీ తడీ రెండూ కావాలని చూపించే మూడు పరీక్షనాళికల ప్రయోగం మా పుస్తకంలో ఉంటుంది. మా బడిలో పిల్లలు దానికి నాలుగోది కలిపారు. ఒక మేకుని కిటికీ బయట దారానికి కట్టి వేలాడదీశారు. అన్నిటికంటే ముందు తుప్పు పట్టింది ఆ మేకే.

నీళ్ళ సంగతి నన్ను ఇంకా ఆశ్చర్యపరిచింది. సముద్రానికి అంత దగ్గరలో ఇసుకలో తవ్విన నూతిలో నీళ్ళు తియ్యగా ఉన్నాయి. బోరు వేయిద్దామా అని మా ఆయన అడిగితే మామ్మ వద్దంది, లోతుకి పోతే ఉప్పే తగులుతుందంది. ఇసుకదిబ్బల్లో ఇంకిన వాన నీరు తేలిక, అడుగున ఉన్న ఉప్పునీరు బరువు. తీపి నీరు పైన పొరగా తేలుతూ ఉంటుంది. పైపైన తోడుకుంటే ఏళ్ళ తరబడి తాగొచ్చు. మోటారు పెట్టి ఎక్కువ లాగేస్తే కింది ఉప్పు పైకి ఎక్కుతుంది. వీధిలో ఒకరు ఎక్కువ లాగినా పక్క నూతికి దెబ్బే. అందుకని నీళ్ళ విషయంలో ఈ వీధి ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచుతారు, అది మంచిదే. ఆ ఇసుకదిబ్బల్ని నిలబెట్టేవి సరుగుడు తోటలు, తాటిచెట్లు, జీడిమామిడి, నేల మీద పాకే ఊదారంగు పూల తీగ. ఇసుక కోసం దిబ్బని తవ్వేసిన చోట మంచినీళ్ళు కూడా పోతాయి. ఈ మాట నేను పిల్లలకు ఏటా చెబుతాను.

చేపల దగ్గర అలవాటు పడటానికి నాకు ఎక్కువ కాలం పట్టలేదు. పొద్దున్నే తెప్పలు, అంటే వేట పడవలు, ఒడ్డెక్కే వేళకి అక్కడ వేలంపాట మొదలవుతుంది. తెచ్చిన సరుకు ఇసుక మీద కుప్పగా పోస్తారు. పాట పాడేదీ, కొనేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. వంజరం, చందువ, పెద్ద రొయ్య నేరుగా ఐసుపెట్టెల్లోకి వెళ్ళిపోతాయి, అటునుంచి శ్రీకాకుళం, విశాఖ. ఊరు తినేది కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు. మా వీధికి గంపతో వచ్చే ఆమె మొదటిరోజే నాకు చేప చూడటం నేర్పింది. "కన్ను సూడు టీచరమ్మా, లోపలికి పోయుంటే తీసుకోకు. మొప్ప ఎత్తి సూడు, ఎర్రగుండాల. ఏలుతో నొక్కు, గుంట పడిందా నిన్నటిది" అని నా చేతే నొక్కించింది. ఎండాకాలం పచ్చి మామిడికాయ వేసి నెత్తళ్ళ పులుసు ఎలా పెట్టాలో కూడా ఆమే చెప్పింది. మా ఇంట్లో ఇప్పుడు అదే పండగ వంట. మిగిలిన నెత్తళ్ళు ఇసుక మీద ఎండబెడతారు. ఆ వాసన మొదట్లో మా బాబుకి పడేది కాదు. ఇప్పుడు రాజాం వెళ్ళినప్పుడు వాళ్ళ అమ్మమ్మకి ఎండు నెత్తళ్ళు పొట్లం కట్టించుకుని పట్టుకెళ్తాడు.

వైద్యానికి, పెద్ద సరుకులకి, బ్యాంకు పని చిక్కుముడి పడితే శ్రీకాకుళమే. రాత్రిపూట ఒంట్లో బాగోకపోతే ఇబ్బంది. చిన్న ఊరన్నాక ఇది ఎక్కడైనా ఉండేదే.

కళింగపట్నం పేరు రాష్ట్రమంతటికీ వినిపించేది తుఫాన్ల కాలంలో. "కళింగపట్నానికి ఆగ్నేయంగా ఇన్ని కిలోమీటర్ల దూరంలో కేంద్రీకృతమై ఉంది" అని టీవీలో రాగానే మా వాళ్ళందరి నుంచీ ఫోన్లు. ఇక్కడ వాతావరణ కేంద్రం ఉంది, రేవు హెచ్చరికలు ఎగరేసే చోట్లలో మా ఊరూ ఒకటి. ఒకటీ రెండూ నంబర్లు దూరాన ఉన్న ప్రమాదానికి, మూడూ నాలుగూ దగ్గరి హెచ్చరికకి, ఐదు నుంచి పది వరకూ ప్రమాదానికి, పదకొండు అంటే సమాచార సంబంధాలే తెగిపోయాయని. మా బడిలో ఆరో తరగతి పిల్లలకి కూడా ఈ లెక్క కంఠతా వచ్చు.

నేను వచ్చిన ఏడాదే 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను వచ్చింది. ఆదివారం. ముందురోజు నుంచే మైకులో చెప్పడం మొదలుపెట్టారు. ఒడ్డుకి వెళ్ళి చూస్తే ఊరంతా అక్కడే ఉంది. తెప్పలను తాళ్ళతో, ట్రాక్టర్లతో ఇసుక మీద పైపైకి లాగుతున్నారు. ప్రతి తెప్పకీ వెనక ఉన్న ఇంజను విప్పి, ఇద్దరు కావిడిలా మోసుకుని ఇంటికి పట్టుకుపోతున్నారు. వలలు, ఐసుపెట్టెలు, డీజిలు డబ్బాలు ఆడవాళ్ళ నెత్తి మీద. మా పదో తరగతి పిల్ల ఇంట్లోకి తొంగిచూస్తే మంచం ఉండే చోట పాత దుప్పటి పరిచి ఇంజను పడుకోబెట్టారు, వాళ్ళ నాయనమ్మ దాని పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఆ ఇంజను అప్పు ఇంకా తీరలేదు. ఇంటి కప్పు పోతే రేకులు తెచ్చుకోవచ్చు, ఇంజను పోతే కొడుకు మళ్ళీ ఊరు వదలాల్సిందే అంది.

మామ్మ మా చేత బిందెలన్నీ నింపించింది, అటుకులూ బెల్లం దగ్గర పెట్టుకోమంది, ఫోన్లు చార్జింగు పెట్టించింది. చీకటి పడకముందే కరెంటు పోయింది. రాత్రి ఎనిమిది ప్రాంతంలో తుఫాను మా ఊరికి ఇరవై కిలోమీటర్ల ఉత్తరంగా తీరం దాటింది. గాలి ముందు వాయవ్యం నుంచి కొట్టింది. ఎంతోసేపు ఒకే దిక్కు నుంచి, తలుపుల్ని గడియల మీద అదిమిపెట్టి. తరవాత మెల్లగా నైరుతికి తిరిగింది. మామ్మ చీకట్లో గాలి వింటూ కూర్చుని "పైకెల్లిపోయింది, మనకి పరవాలేదు" అంది. ఆమె మాటకి శాస్త్రం కూడా అడ్డు చెప్పదు. మన తీరంలో తుఫాను గాలి గడియారం ముళ్ళకి ఎదురు దిక్కున తిరుగుతుంది. తుఫాను కన్ను, అంటే దాని నడిమధ్య, మనకి ఉత్తరంగా నేలెక్కితే గాలి నేల వైపు నుంచి సముద్రంలోకి తోస్తుంది, ఉప్పెన భయం తగ్గుతుంది. కన్నుకి ఉత్తరాన ఉన్న ఊళ్ళకే సముద్రం ఎదురెక్కుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. అటువైపు నుంచి వచ్చిన మా తోటి టీచరు ఇప్పటికీ గాలి పెరిగితే క్లాసు మధ్యలో ఆగి కిటికీ వైపు చూస్తారు. కొబ్బరి మొక్క నాటితే కాపుకి వచ్చేసరికి చదువుకునే పిల్ల పెళ్ళీడు కొస్తుంది, ఆ నష్టం ఒక్క ఏడాదిది కాదు అంటారు ఆవిడ.

గులాబ్ మాకు చెట్లు పడగొట్టి, చేలు ముంచి వెళ్ళింది. పైన ఒడిశాలో కురిసిన వానంతా వంశధారలోకి దిగితే గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తుతారు, ఆ ఎర్రనీళ్ళు మా దగ్గర సముద్రంలో కలుస్తాయి. అలాంటప్పుడు సముద్రం కూడా ఎర్రగా ఉంటుంది, దుంగలు కొట్టుకొస్తాయి, వేటకి ఎవరూ వెళ్ళరు.

ఆ వంశధార మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. సెలవురోజుల్లో జిల్లా నలుమూలల నుంచీ కుర్రాళ్ళు ఇక్కడికి వస్తారు. నీళ్ళు మోకాళ్ళ లోతే కదా అని దిగుతారు. ఏరు సముద్రంలో కలిసేచోట ఇసుక మేట ఈ ఏడాది ఉన్నచోట మరుసటి ఏడాది ఉండదు. నిన్న నడిచిన చోట ఇవాళ గుంట ఉంటుంది. లోపలికి లాగే నీటికి ఎదురీదితే ఎంత బలమున్నవాడైనా అలసిపోతాడు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది లాగుడు నుంచి బయటపడాలి. పుట్టిన దగ్గర్నుంచీ సముద్రంలో ఉన్న మా పిల్లలే మొగలో దిగరు. వచ్చేవాళ్ళు ఈ పిల్లల్ని ఒక్కమాట అడిగినా ఎన్నో ప్రాణాలు నిలిచేవి. లోపల చిక్కుకున్నవాళ్ళని తీయడానికి దూకేది కూడా వీళ్ళ అన్నలూ నాన్నలే.

ఇక హాజరుపట్టీ.

కోవిడ్ మూతల తరవాత 2021 ఆగస్టు 16న బళ్ళు తెరిచారు. తొమ్మిది, పది తరగతుల్లో కొందరు మగపిల్లలు రాలేదు. జబ్బు భయమేమో అనుకున్నాను. ఇళ్ళకి వెళ్తే తల్లులు మామూలుగానే చెప్పారు, "ఈరావలి ఎల్లిపోనాడమ్మా ఆల నాన్నతో" అని. గుజరాత్‌లోని వెరావల్. ఇక్కడి నుంచి రైలెక్కితే దేశానికి అటు చివర. ఆగస్టు కల్లా మగవాళ్ళు గుంపులుగా వెళ్ళిపోతారు. బోటు నడిపేవాడు తండేలు, మిగిలినవాళ్ళు కలాసీలు. తండేలే ఊళ్ళో తిరిగి మనుషుల్ని కూడగట్టి, వెళ్ళేముందు ఇంట్లో అడ్వాన్సు ఇస్తాడు. చదువు ఆపిన కుర్రాడు మొదటి ఏడాది వంటపనికి వెళ్తాడు, తరవాత వలపనికి. ఒక్కసారి సముద్రంలోకి వెళ్తే వారాల తరబడి ఫోను ఉండదు. మళ్ళీ ఒడ్డుకొచ్చిన రోజు ఊళ్ళో అందరి ఫోన్లూ ఒకేసారి మోగుతాయి. క్లాసులో నా ముందే ఏ పిల్లకి ఇంటినుంచి కబురొచ్చిందో మొహం చూసి చెప్పేయగలను.

వెరావల్ అంటే సరిహద్దు దగ్గరి సముద్రం కూడా. 2018 చివర్లో మన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్ని పాకిస్తాన్ పట్టుకుంది. వారిలో నాగావళి అవతల, ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం వైపు వాళ్ళే ఎక్కువ. 2020 జనవరిలో వాఘా దగ్గర విడిచిపెట్టారు. ఏడాదికి పైగా జైల్లో. ఆ ఇళ్ళకి చుట్టరికం ఉన్నవాళ్ళు మా ఊళ్ళోనూ ఉన్నారు. అయినా మరుసటి ఆగస్టుకి రైలు నిండుతుంది.

సముద్రం ఇంటిముందు పెట్టుకుని మూడు రాష్ట్రాలవతల వేటకెందుకు పోతారని నేను ఒక తల్లిని అడిగాను. ఆమె నన్ను ఒడ్డుకి తీసుకెళ్ళి చూడమంది. తెల్లవారుజామున ఒక తెప్ప దిగుతోంది. తెప్ప అంటే ఇప్పుడు ఎక్కువగా ఫైబరుదే, వెనక చిన్న ఇంజను. నలుగురైదుగురు నడుములోతు నీళ్ళలో దాన్ని పట్టుకుని నిలబడ్డారు. పెద్ద కెరటాలు వరసగా వస్తున్నాయి. ముసలాయన ఒకాయన చెయ్యెత్తి ఆపాడు. ఎంతసేపో కదల్లేదు. రెండు కెరటాల మధ్య కాస్త సందు దొరగ్గానే చెయ్యి దించాడు. అంతా ఒక్క ఊపున తోసి ఎక్కేశారు, ఇంజను దగ్గర కుర్రాడు తాడు లాగాడు. మొదటి లాగుకి అందుకోలేదు. అప్పటికే ఎదురుగా తరవాతి కెరటం లేస్తోంది. రెండో లాగుకి అందుకుంది, తెప్ప ముక్కు నిలువునా పైకి లేచి అవతలికి పడింది. రెండోసారి కూడా అందుకోకపోతే తెప్ప అడ్డం తిరిగి బోల్తా పడేది, వలా ఇంజనూ మనుషులూ నీళ్ళపాలు. "రోజూ ఇంతేనమ్మా, ఎల్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి" అంది ఆమె. "మనకి ఒడ్డుంది గాని రేవు లేదు."

శ్రీకాకుళం జిల్లా తీరం 190 కిలోమీటర్ల పైమాటే. ఇంత పొడుగునా పెద్ద బోట్లు వచ్చి ఆగే చేపల రేవు లేకుండానే తరాలు గడిచిపోయాయి. పెద్ద బోటు లేకపోతే లోతుకి పోలేరు. లోతుకి పోకపోతే ఒడ్డు దగ్గర దొరికిందే. దొరికిందాంట్లో తెప్పకి, ఇంజనుకి, వలకి వాటాలు పోగా మిగిలింది మనుషులు పంచుకోవాలి. కెరటాలు పెద్దవైతే ఆ రోజు వేట లేదు, వాటా లేదు. వెరావల్‌లో చేప పడినా పడకపోయినా నెలజీతం వస్తుంది. ఆ లెక్క ముందు నా పదో తరగతి మార్కుల లెక్క చిన్నదే. ఇంకో సంగతి నా మనసుని బాగా కష్టపెడుతుంది. ఒకప్పుడు ఓడలొచ్చి సరుకెత్తిన రేవు ఈ కళింగపట్నం. బ్రిటిష్ కాలంనాటి లైట్‌హౌసు ఇంకా ఉంది. నది మీదుగా కాస్త పైకి వెళ్తే సాలిహుండం కొండ. 1919లో గిడుగు రామమూర్తి గారు అక్కడ బౌద్ధ అవశేషాలను గుర్తించారు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం రోజున పిల్లల్ని ఆ కొండకి తీసుకెళ్తాం. కొండ మీద నిలబడితే వంశధార సముద్రం వైపు పోవడం కనిపిస్తుంది. ఈ దారినే రెండువేల ఏళ్ళ కిందట మనుషులు వచ్చిపోయారని చెబుతుంటే, ఒక పిల్ల "అప్పుడు రేవుండేదా మేడమ్?" అని అడిగింది. ఉండేదని చెప్పాను. పిల్ల ఇంకేమీ అడగలేదు గాని, ఆ ప్రశ్న అడగవలసినవాళ్ళు వేరే ఉన్నారు.

మగవాళ్ళు లేని ఆ తొమ్మిది పది నెలలు ఊరుని నడిపేది ఆడవాళ్ళు. పాట పాడతారు, అప్పు తీరుస్తారు, బ్యాంకుకి వెళ్తారు, పెళ్ళి సంబంధాలు మాట్లాడతారు, తుఫానొస్తే ఇంజను మోయిస్తారు. అమ్మఒడికి 75 శాతం హాజరు నిబంధన వచ్చినప్పుడు ఏ పిల్లవాడికి ఎన్ని రోజులు తక్కువో మా రికార్డు కంటే ముందు తల్లులే చెప్పారు. నేను మాట్లాడాల్సింది తండ్రులతో కాదు, వీళ్ళతో అని త్వరగానే తెలిసింది.

ఈ ఊరికి రెండు వేట నిషేధాలు లెక్క. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని ఇంజను బోట్లు కట్టేస్తారు. గుజరాత్ వైపు నిషేధం జూన్ 1న మొదలవుతుంది. అంటే మే ఆఖరుకి వెరావల్ వాళ్ళు ఇళ్ళకి చేరతారు, జులై ఆఖరు దాకా ఉంటారు. ఇక్కడ తెప్పలున్నవాళ్ళు అప్పటికే ఒడ్డున ఉంటారు. ఏడాది మొత్తంలో ఊళ్ళో ఇంటింటా మగమనిషి ఉండేది ఆ కొద్ది వారాలే. వలలు అల్లుకోవడం, తెప్పలకి రంగులేయడం, పెళ్ళిళ్ళు, గంగమ్మ తల్లికి మొక్కులు అన్నీ ఆ రోజుల్లోనే. నిషేధం భృతి మొన్నటిదాకా 10,000 రూపాయలు, 2025లో 20,000 చేశారు.

మా బడి లెక్కల టీచరు, నేను కలిసి ఈ క్యాలెండరుని పరీక్షల క్యాలెండరు పక్కన పెట్టి చూశాం. పదో తరగతి సప్లిమెంటరీ పరీక్షలు మామూలుగా మే చివర, జూన్ మొదట్లో వస్తాయి. సరిగ్గా కుర్రాళ్ళు ఊళ్ళో ఉండే రోజులు. మార్చిలో ఒకటి రెండు సబ్జెక్టులు తప్పి వెళ్ళిపోయినవాడు మరుసటి వేసవికి వచ్చి రాయొచ్చు. అడ్డం ఒకటే, ఫీజు కట్టే గడువు వాడు ఇంకా సముద్రంలో ఉండగానే దాటిపోతుంది. దాంతో తల్లులకి చెప్పాం: హాల్‌టికెట్ నంబరు, ఆధార్ నకలు, ఫొటోలు మాకు ఇచ్చి ఉంచండి, ఫలితాలొచ్చిన మరునాడే ఫీజు మేం కట్టిస్తాం, వాడు రైలు దిగాక పుస్తకం పడితే చాలు. పిల్లాడు ఒడ్డుకొచ్చి ఫోను చేసిన రోజు తల్లి ఆ సంగతి వాడి చెవిన వేస్తుంది. బడి పూర్తిగా మానేసినవాళ్ళకి ఓపెన్ స్కూల్ దారి చూపిస్తున్నాం.

మొదట అలా రాసినవాడు 2022 బ్యాచ్ కుర్రాడు. లెక్కల్లో తప్పి, జులైలో పెట్టిన సప్లిమెంటరీ కూడా రాయకుండా తండేలుతో వెళ్ళిపోయాడు. మరుసటి ఏడాది మే ఆఖర్లో దిగాడు. చేతులు తాడు కోతలతో గరుకెక్కిపోయి ఉన్నాయి, పెన్ను పట్టుకుంటే జారిపోతోందన్నాడు. రోజూ సాయంత్రం మా వరండాలో కూర్చుని లెక్కలు చేశాడు. త్రికోణమితిలో దీపస్తంభం మీద నుంచి ఓడని చూసే లెక్క వస్తే, పుస్తకంలో ఇచ్చిన కోణానికి ఓడ అంత దగ్గర్లో ఉండదని వాదించాడు. అంకెలు మార్చి వాడే ఒక లెక్క కట్టి ఇచ్చాడు, దాన్నే ఇప్పుడు మా లెక్కల టీచరు క్లాసులో చెబుతున్నారు. జూన్ 2023లో రాశాడు, పాసయ్యాడు. ఆగస్టులో మళ్ళీ వెరావల్ వెళ్ళాడు. ఇంటి మీద అప్పు ఉంది, చెల్లి చదువు ఉంది, నేను ఆపగలిగిన పరిస్థితి కాదు. మెమో వాళ్ళమ్మ దగ్గర ప్లాస్టిక్ కవరులో భద్రంగా ఉంది. వాడు ఐటీఐలో డీజిల్ మెకానిక్‌కి దరఖాస్తు పెడతానంటున్నాడు. వెరావల్‌లో బోటు ఇంజను విప్పి బిగించడం నేర్చుకున్నాడట. దరఖాస్తుల గడువు చూసి చెప్పే బాధ్యత నాది.

ఈ ఏడాది మేం తొమ్మిదో తరగతి నుంచే మొదలుపెట్టాం. తండ్రులు రైలెక్కకముందే, జులైలో, తల్లిదండ్రులిద్దర్నీ బడికి పిలిచాం. నెలజీతం లెక్కా, పదోతరగతి తరవాత దొరికే పనుల లెక్కా రెండూ బోర్డు మీద పక్కపక్కన వేసి చూపించాం. పిల్లవాణ్ణి ఈ ఒక్క ఏడాదీ ఉంచండని అడిగాం. కొందరు సరే అన్నారు. ఒక తండేలు వెనక బెంచీలోంచి లేచి, పది పాసు కానివాణ్ణి ఈసారి నా బోటెక్కించనని అందరి ముందూ చెప్పాడు. ఆయన మాట ఊళ్ళో చెల్లుతుంది. మిగిలిన తండేళ్ళతో కూడా మాట్లాడించమని ఆయన్నే అడిగాం.